మానేసిన క్యాప్సూల్

రేవులో ఆమెను అందరూ పైనమ్మ అనేవాళ్ళు. ఓడల మీంచి కంటైనర్లు ఎత్తి లారీల మీద దించే క్రేన్ ఆమెది. ఆ క్రేన్ నెత్తిన, కాళ్ళ కింద కూడా అద్దమే ఉన్న ఇరుకు గదిలో కూర్చుని పనిచేసేది. కింద నిలబడి వాకీటాకీలో ఆమెకు దారి చెప్పే పెద్దాయన్ని అందరితోపాటు ఆమె కూడా బాబాయ్ అని పిలిచేది. "పైనమ్మా, కాస్త ఎడమకి. ఇంకాస్త. చాలు, దించు" అని ఆయన అనడం, ఈమె దించడం. ఏళ్ళ తరబడి ఇద్దరి మధ్యా అంతకుమించి మాటల్లేవు, అవసరమూ పడలేదు.

ఏభై దాటాక ఆమెకు నెలసరి ఆగిపోయింది. హమ్మయ్య అనుకుంది గానీ ఆ సంబరం ఎంతోకాలం నిలవలేదు. ఉన్నట్టుండి ఛాతీలోంచి సెగ ఎగదన్ని మెడా మొహమూ చెవులూ కమ్మేసేది. చలికి బయట జనం వణుకుతుంటే, ఈమె పైన గదిలో చొక్కా కాలరు లాక్కుంటూ ఆవిరి పట్టిన అద్దాన్ని తుడుచుకునేది. నిద్ర కరువైంది. పడుకుంటే దుప్పటి తడిసిపోయేది, లేస్తే చలేసేది.

ఆమె భర్త ఫ్రిజ్‌లు బాగుచేసే మనిషి. "షాపులో పెద్దదొకటి ఖాళీగా ఉంది. అరలు తీసేస్తే నువ్వు హాయిగా పడతావు" అని మొదట్లో నవ్వించేవాడు. ఒకనాడు డబ్బా మూత రాలేదని ఆమె వంటింట్లో నేల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన ఇక హాస్యమాడలేదు. ఆ వారమే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు.

డాక్టరమ్మ పొట్టిగా, చురుగ్గా ఉండే మనిషి. మాట కూడా అంతే, గబగబా వచ్చేది. రెండు మందులు రాసింది. పొద్దున తొడకు రాసుకునే ఈస్ట్రోజెన్ జెల్ ఒకటి, పడుకునే ముందు వేసుకునే ప్రొజెస్టిరాన్ క్యాప్సూల్ ఒకటి. "మీకు గర్భసంచి ఉంది కాబట్టి రెండూ కలిపే వాడాలమ్మా. ఒకటి వాడి ఒకటి మానేస్తే కుదరదు" అంటూ ఎందుకో కూడా వివరిస్తోంది. సరిగ్గా అప్పుడే పైనమ్మకు సెగ మొదలైంది. చెవుల్లో హోరు. డాక్టరమ్మ పెదవులు కదలడం కనిపించింది గానీ మాటలు బుర్రకెక్కలేదు. అన్నిటికీ తలూపి బయటపడింది.

మందులు మంత్రించినట్టు పనిచేశాయి. నెల తిరిగేసరికి సెగలు తగ్గాయి. క్యాప్సూల్ వేసుకుంటే తల దిండుకు ఆనించడమే తెలుసు, ఆ తర్వాత లోకం తెలిసేది కాదు. పోయిన నిద్రంతా వడ్డీతో సహా తిరిగొచ్చింది. చిక్కల్లా ఏమిటంటే, ఆ నిద్ర పొద్దున లేచాక కూడా ఆమెను వదిలేది కాదు. ఆమె డ్యూటీ తెల్లవారుతూనే మొదలవుతుంది. మొహం కడుక్కున్నా, నిచ్చెన ఎక్కినా, బుర్రలో దూది కూరినట్టే ఉండేది. రొమ్ములు బరువెక్కి సలిపేవి, కడుపు ఉబ్బినట్టుండేది. ఊరికే మనసు దిగులుగా ఉండేది. అవన్నీ ఓర్చుకుంది. దూదిని మాత్రం ఓర్చుకోలేకపోయింది, ఎందుకంటే క్రేన్ కింద బాబాయ్ ఉన్నాడు.

ఆ రోజు లారీ మీదికి కంటైనర్ దించుతోంది. "ఆపు" అన్నాడు బాబాయ్. ఆ మాట ఆమెకు వినపడింది. వినపడిందని కూడా ఆమెకు తెలుసు. చెయ్యి మాత్రం ఆలస్యంగా కదిలింది. కంటైనర్ మూల లారీ అంచును గీరుకుంటూ పక్కకు ఊగింది. కాళ్ళ కింద అద్దంలోంచి చూస్తే, బాబాయ్ వెనక్కి దూకి వెల్లకిలా పడి ఉన్నాడు. ఆమెకు పైప్రాణాలు పైనే పోయాయి. కంటైనర్‌ను నిలకడగా పట్టుకుంది. కాసేపటికి వాకీటాకీ గరగరలాడింది.

"బతికే ఉన్నా పైనమ్మా. ప్యాంటు చిరిగింది, పరువు పోయింది, అంతే. గాలి ఎక్కువగా ఉన్నట్టుంది, మెల్లగా దించు."

గాలి లేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

డ్యూటీ దిగి ఆమె ఇంటికి పోలేదు. తిన్నగా అక్క కుట్టుషాపుకు వెళ్ళింది. అక్క ఆమెకంటే నాలుగేళ్ళు పెద్ద. చిన్నప్పుడు జడ వెయ్యడం దగ్గర్నుంచి పెళ్ళికొడుకును చూడడం దాకా, చెల్లి ఏ పని చేసినా అక్కను అడిగే చేసింది. బల్ల మీద గుడ్డ పరిచి కత్తిరిస్తున్న అక్క, జరిగిందంతా విని కత్తెర పక్కన పెట్టింది.

"ఎందుకే ఆ క్యాప్సూల్? నేను ఇన్నేళ్ళుగా జెల్ ఒక్కటే రాసుకుంటున్నా. నాకెవరూ క్యాప్సూల్ ఇవ్వలేదు. గుండ్రాయిలా ఉన్నానా లేదా?"

"రెండూ వాడాలని చెప్పిందక్కా డాక్టరమ్మ."

"వాళ్ళు ఒకటి చాలినచోట రెండు రాస్తారు. పైగా ఈ రెండూ కలిపి వాడితే రొమ్ము క్యాన్సర్ వస్తుందని నా దగ్గర కుట్టించుకునే ఆవిడ చెప్పింది. ఆ మనిషి నీ చేతుల్లో పోయుంటే ఏం చేసేదానివి? మానెయ్. నా మాట విను."

గడ్డలున్నాయని అక్కకు గర్భసంచి తీసేసి చాలాకాలమైంది. ఆపరేషన్ అప్పుడు ఆస్పత్రిలో పక్కన కూర్చుని గంజి తాగించింది ఈ చెల్లెలే. అయినా ఆ సంగతికీ ఈ క్యాప్సూల్‌కీ ఉన్న లంకె ఇద్దరికీ తట్టలేదు.

ఆ రాత్రి నుంచే మానేసింది. వారం తిరక్కుండా బుర్ర తేటపడింది. జెల్ పుణ్యమా అని సెగల బాధ లేదు. చెయ్యి మళ్ళీ మునుపటిలా మాట వినేది. బాబాయ్ "ఆపు" అనకముందే ఆగేది. డాక్టరమ్మ మళ్ళీ రమ్మన్న నెల వచ్చింది. బాగున్నప్పుడు ఎందుకులే అని వాయిదా వేసింది. ఆ తర్వాత, క్యాప్సూల్ సంగతి అడిగితే చెప్పాల్సొస్తుందని మరోసారి వాయిదా వేసింది. అలా ఏడాది దాటిపోయింది.

ఒక ఉదయం, బరువైన కంటైనర్ ఓడకూ ఒడ్డుకూ మధ్య గాల్లో వేలాడుతుండగా, ఆమెకు కింద తడి తగిలింది. చెమట అనుకుంది. తల వంచి చూసుకుంటే సీటు మీద ఎర్రగా ఉంది. నెలసరి ఆగిపోయి మూడేళ్ళయింది.

"పైనమ్మా, ఏంటి ఆగావు?"

కింద మనుషులున్నారు. ముందు ఇది దించాలి, తర్వాతే ఏడుపైనా ఏదైనా అనుకుంది. పళ్ళ బిగువున పిడి పట్టుకుంది. ఎడమకి జరిపింది. దించింది. కొక్కేలు విడివడ్డ చప్పుడు వినపడ్డాక అంది, "బాబాయ్, నా బదులు ఎవర్నైనా పంపు. నేను దిగిపోతున్నా."

అంత పొడుగు నిచ్చెన, నడుముకు స్వెటర్ చుట్టుకుని దిగింది. బాబాయ్ ఆమె మొహం చూసి, వాకీటాకీ ఇంకొకరికిచ్చి, గేటు దాకా ఆమె వెనకాలే వచ్చి ఆటో ఎక్కించాడు.

డాక్టరమ్మ మొదటి ప్రశ్నే అది. "క్యాప్సూల్ రోజూ వేసుకుంటున్నారా?"

"వేసుకుంటున్నా" అంది పైనమ్మ. పక్కన భర్త ఉన్నాడు. కుర్చీ అంచును గట్టిగా పట్టుకుంది. ఇంత దూరం వచ్చి ఎవర్ని మోసం చేస్తున్నట్టు? "లేదండీ. ఏడాది పైగా మానేశా. జెల్ మాత్రం రాసుకుంటున్నా. గర్భసంచి తీసేశాక మా అక్కా అదొక్కటే రాసుకుంటోంది."

భర్త ఆమె వైపు తిరిగి చూశాడు. ఆ చూపులో కోపం కంటే బెదురే ఎక్కువ కనిపించింది.

డాక్టరమ్మ ఒక్కమాట కూడా కసురుకోలేదు. అందుకు ఇంకా భయం వేసింది. స్కాన్ చేసింది. తెర వైపు చూస్తూ, ఈసారి నెమ్మదిగా చెప్పింది. "జెల్‌లోని మందు గర్భసంచి లోపలి పొరను పెంచుతూ పోతుంది. క్యాప్సూల్ ఆ పెరుగుదలను ఆపుతుంది. అందుకే రెండూ అన్నాను. మీ పొర బాగా మందంగా పెరిగింది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదాం."

"క్యాన్సరా?"

"ఇప్పుడే అవునని అనలేను, కాదనీ అనలేను. కొందరిలో ఇలా పెరిగిన పొర క్రమంగా క్యాన్సర్ వైపు వెళ్తుంది. మీది ఎక్కడుందో చూడాలి. మీ అక్కకు గర్భసంచి లేదన్నారు కదా, అందుకే ఆవిడకు జెల్ ఒక్కటి సరిపోయింది."

ముక్క తీసేటప్పుడు కడుపులో మెలిపెట్టినట్టయింది. పళ్ళ బిగువున భరించింది. రిపోర్టు రావడానికి పట్టిన రోజులే ఆమెకు అంతకంటే పెద్ద నొప్పి. భర్త షాపు తెరవకుండా ఇంట్లో ఉన్న ఫ్రిజ్‌నే విప్పి మళ్ళీ బిగించాడు. ఫోన్ మోగితే చాలు, ఇద్దరికీ ముచ్చెమటలు పట్టేవి.

సంగతి తెలిసి అక్క పరుగెత్తుకొచ్చింది. చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నేనే కదే చెప్పింది" అంది. కొంగుతో కళ్ళొత్తుకుంది. "నాకు తీసేశారు, నీకు ఉంది. ఆ మాత్రం ఆలోచన లేకపోయింది నాకు. నీకేమన్నా అయితే నేను ఎవరికి మొహం చూపించను?"

పైనమ్మకు అరిచేద్దామనిపించింది. నువ్వు మానెయ్యమన్నావు, నేను మానేశాను అనాలని నోటి చివరిదాకా వచ్చింది. మింగేసింది. "నువ్వు అన్నావు. క్యాప్సూల్ వేసుకోవాల్సింది మాత్రం నేను కదక్కా. డాక్టర్ని అడిగి ఉండాల్సింది" అంది. ఆ మాటతో అక్క ఏడుపు ఆగలేదు, ఇంకా ఎక్కువైంది. కానీ చెప్పులు విడిచి లోపలికొచ్చింది.

రిపోర్టు వచ్చింది. పొర పెరిగింది గానీ కణాల్లో చెడు మార్పు లేదు. క్యాన్సర్ కాదు. డాక్టరమ్మ ఆ మాట చెప్పగానే, భర్త లేచి కిటికీ దగ్గరికెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదలడం కనిపించింది.

"దీన్ని వెనక్కి మళ్ళించొచ్చు. దానికి మీరు మానేసిన క్యాప్సూల్ జాతి మందే కావాలి" అంది డాక్టరమ్మ.

"మళ్ళీ ఆ మత్తు నావల్ల కాదండీ. కింద మనిషి ఉంటాడు. ఒకసారి చంపినంత పని చేశా." అక్కకు తప్ప ఎవరికీ చెప్పని ఆ రోజు సంగతంతా చెప్పేసింది.

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. "ఈ మాట అప్పుడే చెప్పుంటే ఏడాది కిందటే దారి దొరికేది. అడగకపోవడంలో నా తప్పూ ఉంది. లోపల అమర్చే చిన్న పరికరం ఉంది. అందులోంచి వచ్చే మందు గర్భసంచిలోనే పనిచేస్తుంది. రక్తంలోకి వెళ్ళేది తక్కువ, మత్తుండదు. మొదట్లో కొన్ని నెలలు రక్తపు మరకలు కనపడొచ్చు, భయపడకండి. జెల్ మోతాదు కూడా తగ్గిద్దాం."

"రెండూ కలిపి వాడితే రొమ్ము క్యాన్సర్ వస్తుందంటారు, నిజమేనా?"

"పూర్తిగా అబద్ధమని చెప్పను. రెండు రకాల హార్మోన్లూ కలిపి ఏళ్ళ తరబడి వాడితే ఆ ముప్పు కాస్త పెరుగుతుంది. పెద్దగా కాదు, కానీ ఉంది. అందుకే రొమ్ము పరీక్ష మానకూడదు. ఎంతకాలం వాడాలో ఏటా మళ్ళీ కూర్చుని మాట్లాడుకోవాలి. ఇక్కడ ఏదీ ఊరికే రాదు."

పరికరం అమర్చారు. భయపడొద్దని చెప్పినా, మరక కనిపించిన ప్రతిసారీ ఆమె గుండె జారిపోయేది. మోతాదు తగ్గించడంతో సెగలు కొంచెం తిరిగొచ్చాయి. క్రేన్ గదిలో చిన్న ఫ్యాను బిగించాడు భర్త. అక్క మాత్రం షాపుకొచ్చిన ప్రతి ఆడమనిషినీ కొలతలు తీసుకుంటూనే "నీకు గర్భసంచి ఉందా?" అని అడిగేస్తోందట. ఇద్దరు ముగ్గురు బెదిరి వేరే దర్జీని చూసుకున్నారట.

ఆరు నెలలకు మళ్ళీ ముక్క తీసి చూశారు. పొర మామూలుగా ఉంది.

"ఇప్పుడు చెప్పండి. కొనసాగిద్దామా, మెల్లగా ఆపేద్దామా? రెంటికీ లాభనష్టాలున్నాయి" అంది డాక్టరమ్మ.

పైనమ్మ ఈసారి పక్కన కూర్చున్న భర్త వైపు చూడలేదు, బయట వరండాలో ఉన్న అక్కనూ పిలవలేదు. నిద్ర లేని ఆ పాత రోజులు గుర్తొచ్చాయి. సీటు మీద ఎరుపు గుర్తొచ్చింది.

"ఇంకో ఏడాది వాడతానండీ. ఆ తర్వాత మళ్ళీ అడగండి. రొమ్ము పరీక్ష ఎక్కడ చేస్తారు?"

"కింది అంతస్తులో, చివరి గది. ఖాళీ ఉంటే ఇవాళే చేసేస్తారు."

ఆమె లేచి, చేతిసంచి అందుకుని, మెట్ల వైపు నడిచింది.