గోరింటాకు పెట్టని వేలు

నేను ఒక ఆక్సిమీటరును. బట్టలారేసే క్లిప్పుకు కాస్త చదువు అబ్బితే ఎలా ఉంటుందో అలా ఉంటాను. మీ వేలు నా నోట్లో పెట్టండి, కొరకను. గోటిలోంచి ఎర్రటి వెలుగు పంపి, మీ రక్తంలో ప్రాణవాయువు నూటికి ఎంతుందో చెబుతాను. తొంభై అయిదు దాటితే నిశ్చింతగా కాఫీ తాగండి. తొంభై దగ్గరికి దిగితే మాత్రం ఆ కాఫీ అక్కడే వదిలేసి ఆసుపత్రికి కదలండి.

నేను పుట్టింది ఎక్కడో పరదేశపు ఫ్యాక్టరీలో. మహమ్మారి రోజుల్లో నన్ను కాకినాడ ప్లీడరు గారొకాయన కొన్నారు. ఇడ్లీకి ముందొకసారి, తర్వాతొకసారి వేలు పెట్టి చూసుకునేవారు. ఒక్క అంకె తగ్గితే ఇల్లంతా హడావిడే. భయం తీరగానే నన్ను పాత తాళాలతో పాటు సొరుగులో పడేశారు. మనుషులు అంతే, జ్వరం దిగాక థర్మామీటరు ముఖం చూడరు.

ఆయన మనవరాలి పెళ్లికి సన్నాయి వాయించిన నాగభూషణానికి బట్టలు పెడుతూ, "వయసు మీద పడుతోంది, ఉంచు" అని నన్నూ ఆ పళ్లెంలో పెట్టారు. అలా సామర్లకోట చేరాను. నాగభూషణం నన్ను చూసి పకపకా నవ్వాడు.

"చిన్నప్పట్నించీ సన్నాయి ఊదుతున్నోణ్ణి. నా ఊపిరెంతుందో ఈ డబ్బా చెప్పాలంటే?"

నాకు ఒళ్లు మండింది. ఆయన భార్య భ్రమరాంబ మాత్రం నన్ను పోపుల డబ్బా పక్కన పెట్టి, రోజూ కొంగుతో తుడిచేది. ఆ చేతులంటే నాకు ప్రాణం.

ఆషాఢం వచ్చింది. వానలో తడిసిన నాగభూషణానికి జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. ఓ ఉదయం, రోజూ వాయించే కీర్తనే మధ్యలో మరిచిపోయి ఆగిపోయాడు. భ్రమరాంబ నన్ను తీసుకొచ్చింది.

"ముందు నీది చూసుకో" అని తప్పించుకున్నాడాయన.

ఆమె వేలు పెట్టింది. రాత్రే పెట్టుకున్న గోరింటాకు పది గోళ్లనూ నల్లబడేంత ఎర్రగా పండించింది. నా వెలుగు ఆ రంగు దాటలేక తడబడింది. ఎనభై రెండు అన్నాను. ఆవిడ కేక పెట్టింది. పక్కింటి ఆటో సత్తిబాబు పరుగెత్తుకొచ్చి, ఆ చేతులు చూసి నవ్వేశాడు.

"గోరింటాకండి పిన్నిగారూ. రంగుంటే తప్పు చూపిద్దంట. ఆసుపత్రిలో నర్సమ్మలు ముందు గోళ్ల రంగు తుడిపించేత్తారండి."

నాగభూషణం పొట్ట పట్టుకుని నవ్వాడు. "అబద్ధాలకోరు డబ్బా! ఏదీ, నాకూ ఓటి చెప్పమను" అంటూ వేలు పెట్టాడు.

ఎనభై నాలుగు.

నవ్వు దగ్గులోకి దిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఈసారి చెప్పింది నిజం, కానీ నా మాట నమ్మేదెవరు? ప్రాణవాయువు తగ్గినా కొందరికి ఆయాసమే తెలియదు. మతిమరుపు, తికమక, మగత వస్తాయి, పెదవులూ గోళ్లూ నీలిరంగుకు తిరుగుతాయి. మనిషి నవ్వుతూనే ఉంటాడు, లోపల గుండె, మెదడు ఊపిరి కోసం అలమటిస్తుంటాయి. ఆయన పోతాడేమోనని నాకు భయం వేసింది. నన్ను వెక్కిరించేవాడైనా ఆ ఇంటి సన్నాయి ఆయనే.

భ్రమరాంబ నవ్వలేదు. ఆయన చెయ్యి తీసి వెలుతురులోకి పట్టుకుంది.

"నా గోళ్లకి గోరింటాకుందండి. మీ గోళ్లకేముంది?"

గోళ్లు నీలంగా ఉన్నాయి. సత్తిబాబు వెంటనే ఆటో తీశాడు.

ఆసుపత్రిలో న్యుమోనియా అన్నారు. సాయంత్రం దాకా ఆగి ఉంటే చేయి దాటిపోయేదన్నారు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టారు. భ్రమరాంబ పట్టుబట్టి నన్నే ఆయన వేలికి ఉంచింది. ఎనభై ఎనిమిది, తొంభై రెండు, తొంభై ఆరు. ఊపిరితిత్తులు లేనిదాన్నయినా నేనూ ఊపిరి పీల్చుకున్నాను.

ఇప్పుడు నాగభూషణం సన్నాయి తీసే ముందు నాకు వేలిచ్చి, "ఏమంటావు దొరా?" అని అడుగుతాడు. వాయించుకోమంటాను.

మళ్లీ ఆషాఢం వచ్చింది. అరుగు మీద ఆడవాళ్లంతా గోరింటాకు పెట్టుకుంటున్నారు. భ్రమరాంబ తొమ్మిది వేళ్లకు పెట్టించుకుని, ఎడమ చూపుడు వేలు వెనక్కి తీసుకుంది.

"అదేంటి వదినా, ఓ వేలు వదిలేశావు?"

"అది మా డబ్బాదమ్మా" అంది.