సమ్మెకు దిగిన ఆరో తరగతి గది

పొద్దున్నే దుకాణం షట్టర్ లేపి, కందిపప్పు బస్తాల మూతులు విప్పి, అగరుబత్తి ముట్టించినంక గల్లా పక్కకెల్లి బీఈడీ పుస్తకం తీసేది రచన. జనగామల పప్పుల సేటు ఇంటి కోడలు ముప్పై ఏండ్లకు మళ్ల కాలేజీకి పోవుడేందని బజారంత నవ్విండ్రు. నవ్వనియ్యి, వాళ్ల నోరు వాళ్లది. నలుగురు అన్నదమ్ములకు ఒక్కటే దుకాణం, ఎవ్వరి కడుపూ నిండదు. మాల్దీవులల్ల లెక్కల టీచర్లను తీసుకుంటున్నరని, మొగుణ్ని గూడ తోలుకపోవచ్చని తెలిసిననాడే ఆమె పోయి కాలేజీల చేరింది.

పాసైంది గూడ. ఆ దేశపోళ్లు హైదరాబాద్ హోటల్ల ఒక్కటే రోజు ఉంటరు. వాళ్ల ఎదురుంగ పాఠం చెప్పాలె, నచ్చితే కొలువు. అప్పుడే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగినయ్, రైలు పట్టాల మీద పొయ్యిలు వెలిగినయ్, బడులకు తాళాలు పడ్డయ్.

కొన్నాళ్లకు సర్కారు బడిలకెల్లి ఆరో తరగతి గది గూడ లేచి వచ్చి, హైదరాబాద్ రోడ్డు మీద సమ్మె టెంటు పక్కన కూసున్నది. "జర జరుగుండ్రి" అన్నరెవరో, జరిగిండ్రు. ఆడోళ్లు దాని గడపకు పసుపు రాసి, కిటికీల బతుకమ్మను పెట్టిండ్రు. నీడైందని ముసలోళ్లు లోపట నడుం వాల్చిండ్రు.

రచన గూడ దినాం దుకాణం బందువెట్టి ఆడనే కూసునేది. హైదరాబాద్ పోవాల్సిన ముందటి రోజు ఆమె మొగడు అరవింద్ వచ్చి మెల్లగ చెప్పిండు. "పోలీసోళ్లు ముంగట ఉండి రేపు కొన్ని కార్లు దాటిస్తరట. నీకొక సీటు మాట్లాడిన."

"రోడ్డుకు అడ్డం కూసున్నది నేనే. మళ్ల నేనే పోలీసులను పెట్టుకోని దాటిపోవాల్నా?"

అత్త అండాలుకు కోపమొచ్చింది. "ఎట్లైనా పోయేదానివి. తెలంగాణ వస్తే నీకేంది, రాకుంటే నీకేంది?"

"పోయేదాన్ని గాబట్టే అత్తమ్మా. ఉండెటోళ్లను మోసం చేసి పోయి, ఆడ పిల్లల ముందట ఏ మొఖం పెట్టుకోని నిలబడాలె? పోతే పోనియ్యి కొలువు."

అన్నదే గని, తెల్లారి ఆ గదిల బెంచీ మీద కూసోని మస్తు ఏడ్చింది. ఏడాది కష్టం బూడిదల పోసినట్టైంది. అండాలు అన్నం నిండిన గంజు పట్టుకోని వచ్చి పక్కన కూసున్నది. బడి లేని పిల్లలు కొందరు లోపట ఆడుకుంటున్నరు. అప్పుడు గది లేచి హైదరాబాద్ దిక్కు నడిచింది. సమ్మెల ఉన్నోళ్లు తమ పని చెయ్యరు గని, తోటి మనిషికి సాయం చెయ్యొద్దని ఏ సంఘమూ చెప్పలే.

ఆలేరుల, భువనగిరిల రోడ్డు మీద కూసున్నోళ్లు దాన్ని చూసి, మనోళ్లేనని తొవ్వ ఇచ్చిండ్రు. లోపటోళ్లు తిన్నరా లేదా అని గూడ అడిగిండ్రు. పొద్దు వంగకముందే గది పోయి హోటల్ ముంగట, కార్లు నిలిపే కాడ కూసున్నది.

రచన పోయి పిలిస్తే మాల్దీవుల పెద్దమనిషి లోపటికొచ్చి ఆఖరి బెంచీ మీద కూసోని, మొదలుపెట్టమన్నడు. రచన సుద్దముక్కతోని బోర్డు మీద గీత గీసింది. గీత పడలే. మళ్ల గీసింది. బోర్డు నల్లగ అట్లనే ఉన్నది.

"జర రాయనియ్యరాదే, నీ సొమ్మేం పోతది" అని అండాలు బోర్డును గదమాయించింది.

"వద్దత్తమ్మా." రచన సుద్దముక్క పక్కకు పెట్టింది. "సార్, ఈ గది సమ్మెల ఉన్నది. దీనితోని బలిమికి పని చేపియ్య. నేను నోటితోని చెప్త, ఇనుండ్రి."

అన్నం ముద్దలు చేసి, సగాలు, పావులు విరిచి పిల్లల చేతులల్ల పెట్టుకుంట భిన్నాలు చెప్పింది. ఇంగ్లీషు ఇంగ్లీషే గని యాస జనగామది. పాఠం అయ్యేసరికి పిల్లలు లెక్క నేర్చిండ్రు, గంజు ఖాళీ అయింది.

"వచ్చే నెల ఒకటో తారీకుకు చేరాలి" అన్నడు పెద్దమనిషి.

"సమ్మె అయినంకనే వస్త సార్."

"ఎప్పుడు అయిపోతుంది?"

"నాకేం తెలుసు? సర్కారును అడుగుండ్రి."

అండాలు కోడలి చెయ్యి గట్టిగ పట్టుకున్నది. పెద్దమనిషి బోర్డు దిక్కు చూసిండు. జేబులకెల్లి పెన్ను తీసి, కొలువు కాగితం మీద రచన పేరు రాసి, చేరే తారీకు కాడ ఏం రాయకుంట సంతకం పెట్టిండు.