బిగుసుకున్న మూతలు

అత్తగారి అభియోగం ఒక్కటే: కోడలు కావాలని డబ్బాల మూతలు బిగిస్తోంది. టీపొడి, చక్కెర, పప్పు, ఏ మూతా ఆవిడ చేతికి లొంగడం లేదు. తనను వంటింట్లోంచి గెంటడానికి ఇంతకంటే తెలివైన కుట్ర ఉంటుందా?

విచారణకు ఆడపడుచు వచ్చింది. చెప్పులు విప్పకముందే తీర్పు చెప్పేసింది.

"వదినా, అమ్మకి క్షమాపణ చెప్పు. లేదంటే వంటిల్లు ఆవిడకి వదిలెయ్."

"చెయ్యని తప్పుకి చెప్పను," అంది కోడలు. ఒక్కసారి తల వంచితే రేపు పాలు విరిగినా తన పాపమే అవుతుంది.

"దీని నోరు చూశావుటే!" అత్తగారు వేలెత్తి చూపింది.

కోడలు ఆ వేలినే చూసింది. బయల్దేరడం తన వైపే బయల్దేరింది గానీ, గోటి కింది కణుపు దగ్గర బఠాణీ గింజంత బుడిపె అడ్డొచ్చి, కొస పక్కకు వాలి, సరిగ్గా ఆడపడుచును చూపిస్తోంది.

"ఆ బుడిపెలు ఎప్పట్నుంచి అత్తయ్యా?"

అత్తగారు గభాలున చెయ్యి వెనక్కి దాచుకుంది. "మీ అందరి బట్టలూ పిండీ పిండీ వచ్చాయి!"

ఆ ఇంట్లో బట్టలు పిండేది యంత్రం.

"పదండి, డాక్టర్నే అడుగుదాం. తప్పెవరిదో తేలిపోతుంది," అంది ఆడపడుచు.

డాక్టరమ్మ ఒక్కో వేలూ నొక్కి చూసింది. "మెత్తగా ఉంటే నీటి బుడిపేమో అనుకునేదాన్ని. ఎర్రగా వాచి ముట్టుకోనివ్వకపోతే రక్తపరీక్ష రాసేదాన్ని. ఇవి గట్టిగా ఉన్నాయి. కీళ్ళు అరిగి, పక్కన ఎముక పెరిగింది. భయం లేదు గానీ పట్టు తగ్గుతుంది. మూతలవీ తిప్పలేరు."

"ఎందుకొస్తాయండీ?" అడిగింది ఆడపడుచు.

"వయసు. కొంత వంశం. తల్లికుంటే కూతురికీ రావచ్చు."

ఆడపడుచు తన చేతులు రెండూ హ్యాండ్‌బ్యాగు కింద పెట్టుకుంది.

ఇంటికొచ్చాక క్షమాపణ ఊసు ఎవరూ ఎత్తలేదు. కోడలే మూతలన్నీ వదులు చేసి పెట్టింది.

మర్నాడు అత్తగారు ఫోన్లో కూతురితో అంటోంది: "ఇప్పుడు వదులుగా పెడుతోందే! బొద్దింకలు పడి చావాలని!"

కోడలు వంటింట్లోకి వెళ్ళి టీపొడి డబ్బా తీసింది. పళ్ళు బిగించి మరీ మూత బిగించింది. పడ్డ నిందను వృథా పోనివ్వడమెందుకు?

సాయంత్రం వంటగట్టు మీద డబ్బా కొట్టిన చప్పుడు. మళ్ళీ చప్పుడు. కాసేపటికి గొంతు సవరింపు.

"అమ్మాయీ... ఈ మూత కాస్త తీసిపెడతావూ?"

అది క్షమాపణ కాదు. కానీ ఆ ఇంట్లో దానికి అంతకంటే దగ్గరి చుట్టం దొరకదు.

"వస్తున్నా అత్తయ్యా," అంది కోడలు. చదువుతున్న పుస్తకంలో పేజీ తిప్పి, ఆ పేజీ కూడా పూర్తి చేసి లేచింది.