మూలింటి డెబ్బై అడుగులు

రోడ్డు వేస్తామని నగరపాలక సంస్థ నోటీసు పంపింది. రోడ్డు, పక్కన కాలువ, కాలువ మీద నడకదారి. ఖర్చులో సగం సంస్థది, సగం వీధివాళ్లది. ఎవరి స్థలం వీధి వైపు ఎన్ని అడుగులుంటే అన్ని అడుగులకు కట్టాలి. ఎవరికి బండి ఉంది, ఎవరు గడప దాటరు అన్నది లెక్కలోకి రాదు. మూల ఇల్లయితే రెండు వైపులా కట్టాలి.

మూల ఇల్లు టైలర్‌ది. ముందు గది కొట్టు, వెనక రెండు గదుల్లో కాపురం. నోటీసులో అతని పేరుకెదురుగా డెబ్బై అడుగులని ఉంది. ఒకవైపు నలభై, రెండోవైపు ముప్ఫై.

"ఒక మనిషి ఒకేసారి రెండు రోడ్ల మీద ఎట్లా నడుస్తాడే?" అన్నాడు భార్యతో.

"మీరు ఒకదాని మీదైనా నడిస్తే కదా," అందామె బొత్తాలు కుడుతూ.

అతను లేచాడు. మెడలోని గుడ్డ టేపు తీసి, సుద్దముక్కతో గుర్తులు పెట్టుకుంటూ గోడ వెంట కొలిచాడు. అరవై ఎనిమిది అడుగులు వచ్చింది. మళ్లీ కొలిచాడు. అరవై ఎనిమిదే.

"రెండడుగులు ఎక్కువ రాశారు దొంగ వెధవలు!"

అభ్యంతరాలు వినే రోజున ఆఫీసుకెళ్లాడు. "ముప్ఫై ఏళ్లుగా ఈ వీధి నడుములన్నీ నా చేతి మీదుగానే వెళ్లాయి. కొలత సంగతి మీరా నాకు చెప్పేది?" అన్నాడు. జనం నవ్వారు. ఇద్దరు చప్పట్లు కొట్టారు. ఇంజనీరమ్మ కాగితం మీద రాసుకుంది.

"మంగళవారం పదింటికి వస్తాం మాస్టారూ. మీ ఎదుటే కొలుస్తాం."

అంతటితో ఊరుకుని ఉంటే సరిపోయేది. అతను ఇంటింటికీ వెళ్లి, మంగళవారం వచ్చి చూడమని చెప్పాడు.

ఇరవై మంది వచ్చారు. ఇంజనీరమ్మ స్టీలు టేపు లాగింది. ఒకవైపు నలభై, రెండోవైపు ముప్ఫై.

"మీ టేపు పొట్టిదేమో," అన్నాడు టైలర్.

ఆమెకు కోపం రాలేదు. అతని టేపు అడిగి తీసుకుని, కొట్టు మెట్టు మీద తన టేపు పక్కన పరిచింది. అతని అరవై అంగుళాలు ఆమె టేపు మీద అరవై ఒకటీ ముప్పావు దాకా వెళ్లాయి.

గుడ్డ టేపు వాడగా వాడగా సాగుతుంది, సాగాక ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. టైలర్లకు తెలిసిన సంగతే, అప్పుడప్పుడూ మారుస్తుంటారు. ఇతను అచ్చొచ్చిన టేపని పదిహేనేళ్లుగా మార్చలేదు.

"ఓహో," అన్నాడు ఎదురింటి క్యాషియర్. "మా కర్టెన్లు నేల మీద దేకుతున్నాయయ్యా అంటే, ఇప్పుడదే ఫ్యాషన్ అన్నావు."

"ఫ్యాషనే సార్."

"మా ఆవిడ రెండేళ్లుగా చీపురు పట్టలేదు. అవే ఊడుస్తున్నాయి."

టైలర్ చెప్పబోయాడు. మనిషిని కొలిచిందీ, గుడ్డ కోసిందీ ఒకే టేపుతో, కాబట్టి వేసుకునే బట్టల్లో తేడా రాదు. కిటికీ కొలతలు క్యాషియర్ తన టేపుతో తీసి రాసిచ్చాడు, అందుకే అక్కడ తేడా. నిజమే. కానీ వినే ఓపిక ఎవరికుంది? డెబ్బై అడుగుల కాగితం మీద అతను సంతకం పెట్టాడు. సాయంత్రానికి నలుగురు వచ్చి, ఇంకా కోయని గుడ్డలు వెనక్కి పట్టుకెళ్లారు.

"కొత్త టేపు కొనండి," అంది భార్య.

"కొని?" అతను కొలతల పుస్తకం చూపించాడు. ఆరువందల మంది మెడలు, నడుములు, చేతులు. అన్నీ పాత టేపు అంగుళాల్లో. కొత్తది పడితే అందులో ఒక్క అంకె కూడా పనికిరాదు. "అందర్నీ మళ్లీ కొలవాలి. రాకపోతే కొట్టు మూసుకోవడమే."

మర్నాడు కొత్త టేపు కొని, తలుపుకు అట్ట కట్టాడు: మళ్లీ కొలుస్తాం, ఉచితం.

మొదట క్యాషియర్ వచ్చాడు. వెనకాల టీచరమ్మ, ఇంకో నలుగురు.

"ముప్ఫై ఆరు," అన్నాడు టైలర్, అతని నడుము చుట్టూ టేపు పట్టి.

"ఆగు. ఊపిరి బిగబట్టనీ."

"బిగబట్టాకే సార్ ముప్ఫై ఆరు."

"పుస్తకంలో ఎంతుంది?"

"ముప్ఫై ఐదు."

టీచరమ్మ ముందుకొచ్చింది. "అంటే మా అందరికీ అంగుళం పెరుగుతుందా?"

"పెరగదమ్మా. ఉన్నదెంతో తెలుస్తుంది."

"అదే వద్దంటున్నా."

క్యాషియర్ అద్దంలో తనను తాను పక్క నుంచి చూసుకున్నాడు. "పాతదేదీ?"

"డ్రాయర్లో."

"తియ్యి."

టైలర్ పాత టేపు తీసి కొలిచాడు. ముప్ఫై ఐదు.

"ఇదీ కొలతంటే," అన్నాడు క్యాషియర్, ఊపిరి వదులుతూ. "కర్టెన్లకు మాత్రం కొత్తది వాడు. వాటికి బాధ లేదు."

టీచరమ్మ కొలత ఇవ్వనే లేదు, పుస్తకంలో ఉన్నదే ఉంచమంది. ఆ సాయంత్రం ముగ్గురు తమ గుడ్డలు తెచ్చి బల్ల మీద పెట్టారు. నాలుగో అతను గుమ్మంలో ఆగి, ఏ టేపుతో కోస్తావని అడిగాడు. పాతదే అన్నాక లోపలికొచ్చాడు.