ఎనిమిదో కణం

"పన్నెండింటికి మాకరోని బల్ల మీదుంటే చాలు. తర్వాత నువ్వు ఈగల్ని చూసుకున్నా నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు రేగులా భర్త ఉర్స్ ఆరేళ్ల కిందట. భార్య ఉద్యోగం చేయాలంటే భర్త ఒప్పుకోవాలనే చట్టం స్విట్జర్లాండులో ఇంకా చెల్లుతున్న రోజులవి. ఆ ఒప్పుకోలుకి రేగులా థాంక్స్ కూడా చెప్పింది. తలుచుకుంటే ఇప్పటికీ తన మీద తనకే ఒళ్లు మండుతుంది.

జ్యూరిచ్ ప్రయోగశాలలో పండు ఈగల కళ్లు కోసి చూడటం ఆమె పని. ఈగ కంటిలో ఏడెనిమిది వందల గదులు, గదికి వెలుగుని పసిగట్టే కణాలు ఎనిమిది. ఒక రకం ఈగల్లో జన్యువేదో చెడి, ఏడో కణం పుట్టడం లేదు. పుట్టనిది ఏడోది కాబట్టి లోపమూ దానిదేనన్నాడు డాక్టర్ బ్రునో. అందరూ తలూపారు. రేగులాకి ఇలాంటి తీర్పు కొత్తేం కాదు. పన్నెండింటి మీటింగుకి రాదు కాబట్టి ఆమెకి ఆసక్తి లేదనీ వాళ్లే తేల్చేశారు. పన్నెండింటికి బడి వదిలితే పిల్లలు తిండికి ఇంటికే వస్తారని, ఇంట్లో అమ్మ ఉండాలని వాళ్లకి తెలియక కాదు. వాళ్ల ఇళ్లల్లోనూ ఒకావిడ ఉంది.

అది రుజువు చేయడానికి జన్యువు చెడిన కణాలూ మంచి కణాలూ కలిసిన కళ్లు తయారుచేశారు. చెడ్డవాటికి రంగు చుక్కలుండవు, అదే గుర్తు. ఎనిమిదోది గది అడుగున ఉంటుంది, అందుకే పై కోతలతో ఆపేసినవాళ్లకి అది కనబడలేదు. రేగులా కింది దాకా కోసింది. మైక్రోస్కోపు మీంచి తల ఎత్తబుద్ధి కాలేదు. తన జన్యువు చెడినా ఏడోది కొన్ని గదుల్లో చక్కగా పుడుతోంది! ఎనిమిదోది చెడ్డదైన గదిలో మాత్రం ఏడోది ఒక్కసారీ పుట్టలేదు. అంటే ఏడోదాన్ని పుట్టమని కబురు పంపాల్సింది ఎనిమిదోది. ఎవరికైనా చెప్పాలని మనసు ఉవ్విళ్లూరింది. కానీ నిరుడు ఏదో అడగబోతే బ్రునో నవ్వుతూ అన్న మాట మూడు వారాలుగా అడ్డొస్తోంది: "లెక్కపెట్టడం మీ పని రేగులా గారూ, అర్థం చెప్పడం మాది."

ఈరోజు మీటింగులో ఏడోదాని మీద తీర్పు ఖాయం చేసి వ్యాసం పంపేస్తారట. పదకొండున్నరకి కోటు తీసుకోబోయి ఆగి, ఆఫీసులో ఉన్న ఉర్స్‌కి ఫోన్ చేసింది.

"ఈ పూట పిల్లలకి నువ్వే వండు. మాకరోని పై అరలో ఉంది."

"అదెంతసేపు ఉడకాలి?"

"ప్యాకెట్ మీద రాసుంది."

మీటింగులో ఆమెని చూసి బ్రునో వంటకి టైమవలేదా అని అడిగాడు. రేగులా బోర్డు మీద ఎనిమిది గుండ్రాలు గీసి, అట్టడుగుదాని మీద వేలు పెట్టింది.

"లోపం ఏడోదానిది కాదు. కిందున్న ఎనిమిదోది చెప్పలేదు, అంతే," అంది. "ఈ మూడు వారాలూ నేనూ చెప్పలేదు."