మాటల మీద నడిచిన క్రేను

మాటల్లో నన్ను మించినవాడు మా సైటులో లేడు. పరీక్ష గదిలోనూ మొదట అదే జరిగింది. సైకాలజిస్టు మేడమ్ ఒక్కో మాటకు అర్థం అడుగుతుంటే గడగడా చెప్పేశాను.

"నిఘంటువు మింగేశారా ఏంటి?" అని ఆవిడ నవ్వింది.

కిందటి వారం నా క్రేను మోస్తున్న బరువు కొత్త గోడను రాసుకుందని కంపెనీ నన్ను ఇక్కడికి తోలింది. గోడకు గీత పడితే మనిషి బుర్రకు పరీక్షేమిటని నాకు ఒళ్లు మండిపోతోంది.

తర్వాత ఎరుపు, తెలుపు దిమ్మెలు ముందు పెట్టి, బొమ్మలో ఉన్నట్టు పేర్చమంది. పిల్లలాటే కదా అనుకున్నాను. తిప్పాను, మార్చాను, మళ్లీ తిప్పాను. తప్పని కంటికి తెలుస్తోంది. ఏది ఎటు తిప్పాలో మాత్రం అంతుపట్టడం లేదు.

"మాటల్లో మీరు చాలా పైన ఉన్నారండీ. దిక్కు, చోటు పోల్చుకోవడంలో బాగా కింద ఉన్నారు. ఇంత తేడా చూస్తే నాకు భయంగా ఉంది. అంత ఎత్తునుంచి బరువులెలా దించుతున్నారు?"

"కింద మా బావమరిది ఉంటాడు. వాడు వాకీటాకీలో చెబుతుంటాడు, నేను లీవర్ తిప్పుతుంటాను."

"చేత్తో సైగలు చెయ్యాలి కదా?"

"ఇంటి మనిషికి నోరుండగా సైగలెందుకండీ?"

ఈసారి ఆవిడ నవ్వలేదు. "డాక్టర్ చూసేదాకా క్రేను ఎక్కకండి. రేపు మీ కంపెనీకి కూడా చెబుతాను."

ఇంట్లో నోరు విప్పలేదు. క్రేను దిగిపోతే ఇక నేనెందుకు? ఆ కబురు కంపెనీకి చేరేలోపు ఒక్క పూట నడిపి, నాకేమీ కాలేదని తేల్చుకోవాలనుకున్నాను. పొద్దున్నే ఎక్కేశాను.

"బావా, ఇనుప చువ్వలు. మెల్లగా లేపు. ఇంకొంచెం. ఇప్పుడు ఎడమ..." అంటూ వాడి గొంతు గరగరలాడి ఆగిపోయింది. బ్యాటరీ అయిపోయినట్టుంది. వాడు వాకీటాకీని జేబులో పడేసి చెయ్యెత్తాడు.

చెయ్యి కదులుతోంది. ఎడమ అంటే ఏమిటో ఎంతసేపైనా చెప్పగలను. ఆ చెయ్యి ఎటు పొమ్మంటోందో నాకు తెలియలేదు.

లీవర్ కాస్త తోశాను. చువ్వల కట్ట వేరే వైపుకు ఊగింది. కిందివాళ్లు చెల్లాచెదురయ్యారు. ఆపేశాను. ఆ ఊపుకు కట్ట ఒరిగి, ఒక చువ్వ బయటికి జారుతోంది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

కొక్కెం పట్టేసిందనుకున్నాడో ఏమో, బావమరిది తల పైకెత్తి చూస్తూ కట్ట వైపు నడిచి వస్తున్నాడు. లీవర్ ఒక వైపు తోస్తే కట్ట వాడికి దూరమవుతుంది, రెండో వైపు తోస్తే వాడి నెత్తి మీదికే వెళ్తుంది. ఏది ఏ వైపో తోచడం లేదు. నాకు భయమేసింది. చేతులు వెనక్కి తీసుకుని, కిటికీ తోసి, గొంతు చించుకుని అరిచాను.

"ఒరేయ్, రాకురా. అక్కడే ఆగు."

గాలి హోరులో నా మాట వాడికి అందలేదు. వాడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, నేనేమంటున్నానో వినడానికి ఇంకాస్త ముందుకు వచ్చి, సరిగ్గా కట్ట కింద నిలబడ్డాడు.