భ్రమరాంబ చేతి నీరు

శ్రావణమేఘములు మూడు దినము లెడతెగక వర్షించి నాలవనాటి యపరాహ్ణమున నలసి సముద్రముమీదికి తొలగిపోగా తడిసిన పెంకుల కప్పులపై నెండ పొడసూపి కాకినాడ పట్టణమందలి వీథులన్నియు కడిగిన కంచు పళ్లెములవలె మెఱయుచు పేరంటములకు పోవు ముత్తైదువల యందెల చప్పుడు వాకిటవాకిట వినవచ్చుచుండెను. ఆ సందడి చొరని గుమ్మము ఆ వీథి కంతటికి నొక్కటియే. అది ఉన్నతపాఠశాలలో సంస్కృతము చెప్పు శంభుమూర్తిగారి యిల్లు.

ఆ యింటి యిల్లాలు భ్రమరాంబ ముప్పదిరెండేండ్ల వయసునకే ముగ్గురు బిడ్డలను కని ముగ్గురను పురుటిమంచము దిగకమునుపే మట్టికి అప్పగించిన దురదృష్టవంతురాలు. మొదటి బిడ్డకు ఏడ్చినది. రెండవ బిడ్డకు దేవుని తిట్టినది. మూడవ బిడ్డకు ఏడువనులేదు తిట్టనులేదు, తన రెండు చేతులను తిప్పి తిప్పి చూచుకొని యూరకుండెను. నాటినుండి మల్లెపాదునకు నీరు పోయుట మానెను, ఆవునకు కుడితి పెట్టుట మానెను. ఇరుగుపొరుగు పసికందులు కనబడిన చేతులు పమిటలో దాచుకొనుచుండెను. తన చేయి సోకిన ప్రాణి బ్రతుకదని యామెకు స్థిరపడిపోయినది. వైద్యుడు నాడి చూచి, ఆమె శరీరమునకు రోగము లేదనియు, ఏదేని యొక ప్రాణిని ఆమె చేతిమీదుగా పెంచి పెద్దచేయింపుడనియు, ఇంతకంటె మందు తనయొద్ద లేదనియు చెప్పి పంపెను.

చెప్పుట వైద్యునికి సులభమే. మడికట్టుకొని వండు నింట కుక్కకు చోటెక్కడిది? పిల్లి పాలగిన్నె మూత తీయును. చిలుక మైలబట్టలమీద వ్రాలి మడిబట్టలమీదికి వచ్చును. శాస్త్రములన్నియు తిరుగవేసి శంభుమూర్తి తుదకు నీటిలో నున్నదానికి మైల యంటదని నిర్ణయించుకొని చేపలు పెంపదలచెను. చేప పేరెత్తిన ఆచమనము చేయు వంశమున పుట్టినవాడు భార్యకొఱకు చేపల యంగడి మెట్లెక్కెను. ప్రేమ యెంతవానినైన నెక్కరాని మెట్లెక్కించును.

ఆ యంగడి జిలానీ సాయెబుది. శంభుమూర్తి కన్ను మొదట నొక గుండ్రని గాజుబుడ్డిమీద పడెను. అది ముద్దుగా నుండెను, గూటిలో నిముడును, రెండు చేపలు చాలును. సాయెబు దానిని తీసి లోపల పెట్టివేసి, "ఇందులో చేప బతకదు అయ్యవారూ. చచ్చేదాకా ఉంటుందంతే" అనెను. ఆ మాట శంభుమూర్తి గుండెలో ములికివలె నాటెను. చచ్చుదాక నుండునది తన కక్కఱలేదు, బ్రతుకునది కావలెను. అది మొదలు ఆయన నాలుగు మారులు అంగడికి పోయి తొట్ల పొడవు వెడల్పులు జానలతో కొలిచి, అద్దముల మందము గోటితో మీటి చూచి, అతుకులమీద బొటనవ్రేలు నడిపి తడి తగులునేమో పరీక్షించి, నీరెంత యెక్కువయిన నంత మెల్లగా చెడునను సాయెబు మాట నమ్మి నాలుగడుగుల తొట్టిని నిశ్చయించెను. సంబంధము చూచుటకు పోయిన పెండ్లిపెద్దయు నింత శ్రద్ధగా చూచి యుండడు.

అయిదవమారు భ్రమరాంబను వెంటబెట్టుకొని పోయెను. ఆమె నీలపు గీత మెఱయు చిట్టి టెట్రాచేపలను పెద్దసేపు చూచి, "వీటికి చలి వెయ్యదా?" అని యడిగెను. మూడవ బిడ్డ పోయిన యేడునెలలలో నామె తనంతట నడిగిన మొదటి ప్రశ్న యది. శంభుమూర్తికి కన్నులు చెమర్చెను. ఇవి వెచ్చని దేశపు చేపలనియు, నీరు చల్లబడకుండ కాచు విద్యుత్తు గొట్టమొకటి తొట్టిలో నమర్తుననియు సాయెబు చెప్పి, కొళాయినీటిలో క్రిములను చంపు మందు కలిసియుండును గనుక రాత్రి యొక పాత్రలో పట్టి యుంచి తెల్లవారినపిమ్మట కొంచెము కొంచెముగా పోయవలెనని హెచ్చరించెను. పాత్ర యనెనే కాని యే పాత్రయో అతడు చెప్పలేదు. వీరును అడుగలేదు.

ఆ యింట పాత్రలకు కులములు కలవు. ఇనుప బాల్చీ పెరటిది, ఇత్తడి గుండిగ స్నానములది. దేవుని కభిషేకించు నీటికి మాత్రము అత్తగారు కాశినుండి మోసికొనివచ్చిన రాగిబిందె. భ్రమరాంబ చేపలకొఱకు ఆ బిందెనే యెంచెను. శంభుమూర్తి సంతోషించి రాగినీటి పవిత్రతనుగూర్చి శ్లోకములు చదివెను. ప్రతిసాయంకాలమును ఆమె దానిని చింతపండుతో తళతళలాడ తోమి నీరు నింపుటయు, ప్రాతఃకాలమున తలస్నానము చేసి తడిబట్టతో నా నీటిని దోసిట తీసి తొట్టిలో విడుచుటయు వ్రతమయ్యెను. పదిదినములలో మల్లెపాదు మరల తడిసెను. వంటయింట కూనిరాగము వినబడెను. పండ్రెండు టెట్రాలను పేరుపేరున పిలుచుచు అందు నొక బక్కదానికి కూడు చాలుటలేదని భర్తతో తగవుపడెను. ఆ తగవులో శంభుమూర్తి పొందిన యానందము పెండ్లినాడును పొందియుండలేదు.

పదునొకండవనాడు బక్కది చచ్చెను. అది యెట్లును బలహీనమైనదని యనుకొనిరి. మఱునాడు రెండు, ఆ మఱునాడు మూడు. నీరు తప్పు కాబోలునని భ్రమరాంబ యింకను శ్రద్ధగా బిందె తోమి యింకను ఎక్కువ నీరు పోసెను. పోసినకొలది చచ్చెను. పక్షము తిరుగునప్పటికి తొట్టిలో నీరు, నీటిలో దీపపు వెలుగు, దీపమునకెదురుగా కదలక కూర్చున్న ఆ యిల్లాలు తప్ప ఏమియు మిగులలేదు. ఆమె ఏడువలేదు. చేతులు తిప్పి చూచుకొని పమిటలో దాచుకొనెను.

శంభుమూర్తి మండిపడుచు అంగడికి పోయి రోగపుచేపల నమ్మితివని సాయెబును నిందించెను. సాయెబు కోపింపక తిండి యడిగెను, వెచ్చదన మడిగెను, తుదకు నీరు దేనిలో పట్టితిరని యడిగెను. రాగిబిందెలో నని విని, "రాగి మనకి మంచిదే అయ్యవారూ. చేపకి విషం. నేను చెప్పాల్సింది. చెప్పలేదు" అని తల వంచుకొనెను.

ఎవ్వడైనను ఆ మాటకు కుంగిపోవును. శంభుమూర్తి పొంగిపోయెను. దోషము చేతిది కాదు, బిందెది! పండితుడు నడివీథిలో నుత్తరీయము జాఱుచుండ పరుగెత్తి యింటికి వచ్చి రొప్పుచు భార్యకు సర్వమును చెప్పెను. ఆమె శాంతముగా తుదివఱకు వినెను.

"పెద్దవాడప్పుడు గ్రహాలన్నారు. రెండోదానికి మంత్రసాని తప్పన్నారు. మూడోవాడికి చలిగాలన్నారు. ఇప్పుడు బిందె అంటున్నారు. నా మీద దయకొద్దీ అంటున్నారు, నాకు తెలుసు."

 ఆ మూడు కారణములును శంభుమూర్తి నిజముగా కల్పించినవే. మంచిమనసుతో కల్పించెను. ఓదార్చుటకు అబద్ధమాడిన నోటికి నిజము దొరకిననాడు దానిని చెల్లుబాటు చేసికొను శక్తి లేకపోయెను.

మాటలవలన కానిది కంటికి చూపింపవచ్చునని యాయన తలంచెను. తొట్టిని తోడి కడిగి యెండబెట్టి, క్రొత్త కుండలో నీరు పట్టి, రెండు చేపలను తెచ్చి విడిచి, కుండ యెత్తి పోయుమని భార్యను బ్రతిమాలెను. ఆమె చేతులు వెలుపలికి తీయలేదు. విధిలేక తానే పోయదొడగెను. నెల గడచెను, రెండు నెలలు గడచెను. చేపలు బలిసి వన్నెదేరి తొట్టి యీ కొననుండి యా కొనకు నిప్పురవ్వలవలె పరుగిడుచుండెను. ఒకనాటి యుదయమున ఆయన యామెను చేయిపట్టి తొట్టియొద్దకు తీసికొనివచ్చి, "చూడు. అదే తొట్టి, అదే కొళాయి. బిందె ఒక్కటే మార్చాను. బతికాయా లేదా?" అనెను.

భ్రమరాంబ చూచెను. ఆమె ముఖమున చిఱునవ్వువంటిది కదలెను.

"బతుకుతాయండీ, ఎందుకు బతకవు? నేను తాకలేదుగా."

ఆ చేపలు నాలుగేండ్లు జీవించెను. శంభుమూర్తి వానిని చంపజాలడు, ఎవరికేని యిచ్చివేయ నుంకించిన నామె వలదనుచుండెను. అందుచే ప్రతి ప్రాతఃకాలమును ఆయన కుండయెత్తి నీరు పోయుచునే యుండెను. ఆమె దూరముగా స్తంభమును జేరగిలి నిలిచి చూచుచుండెను. అవి బ్రతికిన ప్రతిదినమును ఆ సాధ్వికి విరోధముగా నొక సాక్ష్యము పలుకుచుండెను. సాక్షులకు మేత వేయుచున్నవాడు ఆమె భర్తయే.